గుర్రపు గుడ్డులోంచి దూకిన కుందేలు

గుర్రపు గుడ్డు కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. హోసూరులోనైనా, కోలారులోనైనా, బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా, తెలుగులో కథ చెప్పే పెద్దవాళ్ళు ఒక్కరున్నా పరమానందయ్య శిష్యులు ఆ ఇంట్లో తిరుగుతూనే ఉంటారు. అంతగా తెలిసిన కథ కావడమే దానికి చేటయింది. నవ్వి పక్కన పెడతాం గాని నిలిచి చదవం. పిల్లల పుస్తకాల్లో చివర ఒక నీతి తగిలించి ముగిస్తారు. పెద్దల పుస్తకాల్లో హాస్యకథలన్న పేరుతో ఒక పేరాలో సరిపెడతారు.

తమిళనాట చదువుకునే మన విద్యార్థులకు దీంతో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇదే కథ వారికి పరమార్థ గురువు కథగా, వీరమామునివర్ అనే ఇటలీ దేశపు పాదిరి తమిళంలో రాసినదిగా ఎదురవుతుంది. అప్పుడు ఇంట్లో అమ్మమ్మ చెప్పినది అనువాదమా, అనుకరణమా అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నను తప్పించుకోనక్కరలేదు. కాని దాని జోలికి పోయేముందు కథను కథగా ఒకసారి చదవాలి. ముఖ్యంగా చివర పొదలోంచి లేచి పరుగెత్తే కుందేలును చూడాలి. అందరూ గుమ్మడికాయను చూసి నవ్వుతారు. నా దృష్టిలో ఈ కథకు ప్రాణం గుమ్మడికాయలో లేదు, కుందేలులో ఉంది.

అచ్చులో స్థిరపడిన పాఠం బెస్కీది కనుక ముందు దాన్నే తీసుకుందాం. కాన్‌స్టాంజో బెస్కీ (1680–1747) ఏసుసభకు చెందిన పాదిరి. 18వ శతాబ్ది తొలినాళ్ళలో తమిళదేశానికి వచ్చి, ఆ భాషలో పండితుడై, తేంబావణి కావ్యాన్నీ చతురకరాది నిఘంటువునూ రచించాడు. తమిళులు ఆయన్ను వీరమామునివర్ అంటారు. ఆయన పరమార్థ గురువు కథను బెంజమిన్ బాబింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఇంగ్లీషు అనువాదంతో సహా 1822లో లండన్‌లో అచ్చువేయించాడు. తమిళం నేర్చుకునే విదేశీయుడికి అది వాచకం.

ఆ పాఠంలో గురువుకు ఐదుగురు శిష్యులు. నది దాటడంలో పడరాని పాట్లు పడి మఠానికి చేరిన తర్వాత, మనకో గుర్రముంటే ఈ బాధ ఉండేది కాదుగదా అనుకుంటారు. విచారిస్తే గుర్రం వెల వాళ్ళ తాహతుకు మించినది. ఇంతలో మఠం ఆవు తప్పిపోతుంది. వెతకబోయిన శిష్యుడు ఆవు లేకుండానే, కాని మహా సంబరంగా తిరిగి వస్తాడు. చెరువు దగ్గర గుర్రాలు మేస్తున్నాయి. ఆ పక్కనే రెండు చేతులా పట్టినా అందనంత గుమ్మడికాయలు. అవేమిటని అడిగితే గుర్రపు గుడ్లని అక్కడివాడు చెప్పాడు. ఒక్కొక్కటి ఐదు పొన్నులు, మన లెక్కలో వరహాలు.

ఇక్కడ పాఠకుడు నవ్వడం మొదలుపెడతాడు. కాని శిష్యుల లెక్కను ఒకసారి వాళ్ళ వైపునుంచి చూడండి. పశువుల సంతకు వెళ్ళినవాళ్ళకు ఇది తెలిసిన లెక్కే. పాలిచ్చే గేదెను కొనలేనివాడు పడ్డను కొంటాడు. పడ్డను కొనలేనివాడు దూడను కొంటాడు. వయసు తగ్గేకొద్దీ ధర తగ్గుతుంది, ఆశ పెరుగుతుంది, మేపవలసిన రోజులు పెరుగుతాయి. శిష్యులు ఆ నిచ్చెనలో ఇంకొక మెట్టు కిందికి దిగారు, అంతే. దూడకు ముందుది గుడ్డు. తర్కంలో లోపం లేదు, ఆధారం ఒక్కటే తప్పు. ఈ కథను మూర్ఖుల కథ అని మాత్రమే పిలిచేవాళ్ళు గమనించని విషయం ఇది. వీళ్ళు పేదవాళ్ళు. గుర్రం అవసరం వీళ్ళకు నిజంగా ఉంది. గురువు ముసలివాడు, నడవలేడు. ఆ అవసరమే గుమ్మడికాయను గుడ్డు చేసింది.

అమ్మినవాడి సంగతి మరీ విచిత్రం. అతడు చేసినదెంత? తన సరుకును పొగడలేదు. ఇది ఫలానా తేజీ గుర్రపు గుడ్డని చెప్పలేదు. ఒక పేరు చెప్పాడు, ఒక ధర చెప్పాడు. మిగిలిన పనంతా ఆ చోటు చేసింది. గుర్రాలొక పక్క, కాయలొక పక్క ఉంటే ఆ రెంటినీ కలిపి చూసినది కొనేవాడి కన్ను. బేరగాడి చాతుర్యమంతా మాటల్లో ఉంటుందని మనం అనుకుంటాం. కథ తెలిసినవాడు అలా అనుకోలేదు. సరుకును ఎక్కడ ఉంచాలో తెలిసినవాడికి మాటలతో పని తక్కువ.

దీని పక్కన పంచతంత్రంలోని మేక కథను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కాకోలూకీయంలో బ్రాహ్మణుడు మేకను భుజాన వేసుకుని పోతుంటే ముగ్గురు ధూర్తులు ఒకరి తర్వాత ఒకరు ఎదురై, ఆ జంతువు మేక కాదని నమ్మిస్తారు. పాపం, అతడు దాన్ని వదిలేసి పోతాడు. అక్కడ చేతిలో ఉన్న జంతువును మాట పోగొట్టింది. ఇక్కడ లేని జంతువును మాట చేతిలో పెట్టింది. అక్కడ తన కన్నును తాను నమ్మనందుకు నష్టం. ఇక్కడ తన కన్నును మరీ నమ్మినందుకు నష్టం. పైగా అక్కడ ముగ్గురు కావలసి వచ్చింది, ఇక్కడ ఒక్కడు చాలాడు. ఉన్నదాన్ని వదిలించడం కన్న లేనిదాని మీద ఆశ పెట్టించడం తేలికని ఈ రెండు కథలనూ కలిపి చదివితే తోస్తుంది.

కాయ కొనాలని నిశ్చయించగానే ఇంకొక సమస్య వస్తుంది. గుడ్డును పొదగాలి. ఎవరు పొదగాలి? ఈ చర్చ బెస్కీ పాఠంలో అత్యుత్తమ ఘట్టం. తెలుగు పిల్లల పుస్తకాలు దీన్ని తరచు కత్తిరించి పారేస్తాయి, అది వాటి దురదృష్టం. ఏ కోడీ ఇంత గుడ్డు మీద కూర్చోలేదు. శిష్యులకు తలా ఒక పని ఉంది. నీళ్ళు, కట్టెలు, వంట వదిలి ఎవరు కూర్చుంటారు? చివరికి గురువే, ఇది సిగ్గుపడవలసిన పని అయినా కానీ, నేనే పొదుగుతానని సిద్ధపడతాడు. దీన్ని గురువుల మీద ఎగతాళి అని చెప్పి ఊరుకోవడం నాకు చాలదు. ఎగతాళి ఉంది, కాదనను. కాని ఆ సన్నివేశంలో మఠం ఒక సంసారంలా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఒక కొత్త పశువు కోసం పనులు పంచుకుంటున్నారు. ఇంట్లో పని లేనివాడు ముసలాయన ఒక్కడే కనుక ఆ భారం ఆయన తలకెత్తుకున్నాడు. పల్లెటూరి ఇళ్ళలో ఈనిన ఆవు దగ్గర రాత్రిళ్ళు కాపలా పడుకునేది తాతలే కదా!

ఇప్పుడు కుందేలు. గుమ్మడికాయను తలమీద పెట్టుకుని శిష్యులు తిరుగు ప్రయాణమవుతారు. దారిలో చెట్టుకొమ్మ తగిలి కాయ జారి పొదలో పడి పగులుతుంది. ఆ అదటుకు పొదలో పడుకున్న కుందేలు లేచి పరుగుతీస్తుంది. అయ్యో, గుర్రపు పిల్ల పారిపోతున్నదని శిష్యులు ముళ్ళనకా రాళ్ళనకా వెంటపడతారు. అది అందుతుందా?

ఈ కుందేలు లేకుండా కథ ముగించవచ్చు. కాయ పగిలింది, గింజలూ గుజ్జూ బయటపడ్డాయి, శిష్యులు మోసపోయామని తెలుసుకున్నారు. ఇలా ముగిస్తే అది నీతికథ. కుందేలు దూకడంతో కథ పూర్తిగా తిరగబడింది. అమ్మినవాడు చెప్పిన అబద్ధానికి అడవి సాక్ష్యం చెప్పింది. గుడ్డు పగిలింది, లోపల ఉండవలసిన పిల్ల బయటికి వచ్చింది, నాలుగు కాళ్ళతో పరుగెత్తింది. ఇంతకంటే రుజువేం కావాలి? శిష్యులు మోసపోయామని ఏనాటికీ తెలుసుకోరు. తెలుసుకునే అవకాశాన్ని కుందేలు మూసివేసింది. తార్కికులు లేనిదానికి ఉదాహరణగా కుందేటి కొమ్మును చెబుతారు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితం ద్వారా ఆ మాట మనలో చాలామందికి చిన్ననాటినుంచీ తెలుసు. తమిళులు అదే అర్థంలో గుర్రపు కొమ్ము అంటారు. ఈ కథలో జరిగింది దానికి సరిగ్గా ఎదురు. లేని గుడ్డులోంచి ఉన్న కుందేలు దూకింది.

ఆ జంతువు కుందేలే ఎందుకు కావాలి? నక్క కావచ్చు, ఉడుము కావచ్చు. ఇక్కడ జానపదుడి ప్రకృతి పరిజ్ఞానం చూడవలసినది. మన పొలాల్లో తిరిగే అడవి కుందేలు, కొన్ని ప్రాంతాల్లో చెవులపిల్లి అంటారు, బొరియ తవ్వదు. పొద కింద నేలను ఒత్తుకుని పగలంతా కదలకుండా పడుకుంటుంది. మీదమీదకు వచ్చేదాకా లేవదు. లేచిందంటే మరి ఆగదు. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరిచి పుడతాయి, పుట్టిన కాసేపటికే కదలగలవు. గుర్రపు పిల్లా అంతే. పుట్టిన గంటా రెండు గంటల్లో నిలబడి తల్లి వెంట నడుస్తుంది. గూళ్ళలో పెంచే కుందేలు జాతి వేరు. దాని పిల్లలు బొచ్చు లేకుండా కళ్ళు మూసుకుని పుట్టి, పది రోజులకు గాని లోకాన్ని చూడవు. కాబట్టి పుట్టీ పుట్టగానే పరుగెత్తే పిల్ల కావలసి వచ్చినప్పుడు కథకుడు పొలంలోని జంతువుల్లో సరైనదాన్నే ఎంచుకున్నాడు. శిష్యులు చూసి పొరబడినది వట్టి పిచ్చితనం కాదు. చెవులు పొడుగు, కాళ్ళు పొడుగు, పరుగు ఉంది.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కుతాను, మళ్ళీ కథలోకే వస్తాను. గుర్రం కోసం వెళ్ళి కుందేలును చూసినవాళ్ళు మన శిష్యులు. కుందేలును కొంటూ అందులో గుర్రాన్ని చూసినవాళ్ళు కూడా చరిత్రలో ఉన్నారు. బెల్జియన్ హేర్ అని ఒక పెంపుడు కుందేలు జాతి ఉంది. పేరులో అడవి కుందేలని ఉన్నా అది గూటి కుందేలే. అడవి కుందేలులా సన్నగా, పొడుగు కాళ్ళతో, ఎర్రని మెరుపుతో కనిపించేలా ఇంగ్లాండులో పెంపకందారులు దాన్ని తీర్చిదిద్దారు. పేదవాడి పందెపు గుర్రం అని దానికి ముద్దుపేరు. 1898 నుంచి 1901 వరకు అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో, ఈ కుందేలు మీద జనం పిచ్చెత్తిపోయారు. ఇంగ్లాండు నుంచి దిగిన పేరున్న మగ కుందేళ్ళకు వందల డాలర్లు, కొన్నిటికి వేలు కూడా పలికాయి. కొన్నవాళ్ళందరూ పిల్లలను అమ్మేవాళ్ళే. మాంసానికి తినేవాళ్ళు ఎందరో ఎవరూ అడగలేదు. చివరికి ఊళ్ళో అందరూ పెంపకందారులై, కొనేవాడు మిగలకపోయేసరికి ధర కూలింది.

ఈ సందర్భంలో ఆలోచించవలసినది ఒకటుంది. గుర్రం ముఖం చూడనివాడు గుమ్మడికాయను నమ్మడంలో వింత లేదు. కుందేళ్ళను ఏళ్ళ తరబడి పెంచి, వాటి మేత, ఈత, తెగులు అన్నీ ఎరిగినవాడు కూడా పక్కవాడి గూటిలో కొత్త జాతి మగదాన్ని చూసి మనసు పారేసుకుంటాడే, అతడి సంగతేమిటి? అతడికి తెలిసినదే అతడిని పట్టిస్తుంది. కుందేలు నెలకు ఈనుతుందని అతడికి తెలుసు. ఒక ఈతకు ఎన్ని పిల్లలో తెలుసు. ఆ మగదాన్ని చూస్తూ అతడు చూసేది దాన్ని కాదు, దానికి పుట్టబోయే పిల్లలను. వేళ్ళమీద లెక్కవేస్తాడు. గుడ్డు చూసి గుర్రాన్ని చూడటం ఇదే. పశువులు పెంచేవాడికి ఈ చూపు లేకపోతే పెంపకమే లేదు. ఉన్నందుకు మోసపోవలసి వస్తుంది.

మన ప్రాంతాల్లోనూ కొన్ని ఆడవీ ఒక మగదీ కలిపి ఒక యూనిట్టుగా కుందేళ్ళను అమ్మి, పిల్లలను మేమే తిరిగి కొంటామని చెప్పే వ్యాపారాలు వచ్చాయి, పోయాయి. వాటికంటే పెద్దది ఈము పక్షుల వ్యవహారం. ఈరోడు జిల్లా పెరుందురైలో ఈము సంస్థలు రైతులనుంచీ ఉద్యోగులనుంచీ డబ్బు కట్టించుకుని, పక్షులు ఇచ్చి, మేపినందుకు నెలనెలా ఇంత ఇస్తామని చెప్పి, 2012లో కుప్పకూలాయి. ఆ తర్వాత కేసులు, శిక్షలు. ఇందులోనూ గుడ్డే ఉంది చూడండి! ఆకుపచ్చని పెద్ద గుడ్డు. కాని అక్కడ జనాన్ని నమ్మించింది గుడ్డు కాదు. మొదట చేరినవాళ్ళకు మొదటి నెలల్లో చేతికి వచ్చిన డబ్బు. ఎదురింటివాడికి డబ్బు రావడం కళ్ళారా చూసినవాడికి ఇంకెవరు చెప్పినా ఎక్కదు. ఆ డబ్బు ఈ కథలోని కుందేలు. అది గుడ్డులోంచి రాలేదు, పక్క పొదలోంచి వచ్చింది. అంటే తర్వాత చేరినవాడి జేబులోంచి.

కథలోకి వద్దాం. శిష్యులు ఒళ్ళంతా గీరుకుపోయి ఏడుస్తూ మఠానికి చేరతారు. జరిగినదంతా విని గురువు ఏం చేస్తాడు? తిట్టడు. పోనిద్దురూ, మంచికే జరిగింది, పుట్టగానే అంత పరుగు తీసిన పిల్ల పెరిగి పెద్దదైతే ముసలివాణ్ణి నేనెలా ఎక్కగలను, ఊరికే ఇచ్చినా అలాంటి గుర్రం నాకొద్దు అన్న ధోరణిలో ఓదారుస్తాడు. దీన్ని చాలామంది అందని ద్రాక్షపండ్ల కథతో పోలుస్తారు. ఆ పోలిక పొసగదు. నక్క అందనిదాన్ని పులుపని నిందించింది. గురువు నిందించడు, పొగుడుతాడు. పోయిన గుర్రం తనకు మించిన గుర్రమైంది. నక్క తన పరువు కాపాడుకుంది. గురువు శిష్యుల పరువు కాపాడాడు. ఐదు పొన్నులూ పోయి, గుర్రమూ పోయి, ఆ రాత్రి ఆ మఠంలో అందరూ తృప్తిగా నిద్రపోయారంటే నేను నమ్ముతాను.

ఈ ఓదార్పుమాటకు ఇంకొక ప్రయోజనం ఉంది. విడి కథగా చదివేవాళ్ళకు అది కనిపించదు. బెస్కీ గ్రంథంలో గుర్రం ఒక దారంలా సాగుతుంది. గుడ్డు తర్వాత అద్దె ఎద్దు వస్తుంది, దాని నీడకు కూడా అద్దె అడిగే యజమాని వస్తాడు. తర్వాత నీళ్ళలో కనిపించిన గుర్రపు నీడకు గాలం వేస్తారు. చివరికి నిజంగానే ఒక ముసలి గుర్రం దొరుకుతుంది, అదీ ఊరికే. గురువు ఆ గుర్రం మీంచి కింద పడతాడు. ఆ తర్వాత గురువు మరణంతో గ్రంథం ముగుస్తుంది. ఊరికే ఇచ్చినా వద్దన్న మాట, ముసలివాణ్ణి ఎక్కలేనన్న మాట ఎక్కడికి వచ్చి నిజమయ్యాయో చూడండి. బెస్కీని కేవలం కథలు పోగుచేసిన పాదిరిగా చూసేవాళ్ళకు ఈ కూర్పు ఒక జవాబు. ఆయన కూర్చిన తీరులో రచయిత ఉన్నాడు.

అయితే కథలు ఆయనవేనా? ముందు లేవనెత్తిన ప్రశ్న ఇదే. అబే దుబోయ్ అనే ఫ్రెంచి పాదిరి 1792 నుంచి 1823 దాకా మైసూరు, తమిళ ప్రాంతాల్లో ఉన్నాడు. 1826లో పారిస్‌లో ప్రకటించిన తన పంచతంత్ర గ్రంథంలో ఈ పరమార్థుడి కథలనూ చేర్చాడు. ఇవి బెస్కీ కల్పన కావనీ, బెస్కీ పేరైనా వినని చోట్ల కూడా వినిపించాయనీ ఆయన వాదం. మైసూరులోని మన విద్యార్థులకు ఈ సంగతి ఆసక్తికరం కావాలి. ఇక లోపలి సాక్ష్యం. తమను తాము లెక్కపెట్టుకుని ఒకడు తక్కువయ్యాడని ఏడ్చే కథ వేదాంతులకు దశముడి దృష్టాంతంగా ఎప్పటినుంచో తెలుసు. 14వ శతాబ్దానికి చెందిన విద్యారణ్యుల పంచదశిలో అది ఉంది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి కథ కాళిదాసు పేరుతో దేశమంతా తిరుగుతున్నది. ఈ రెండూ బెస్కీ గ్రంథంలో ఉన్నాయి. ఇవి ఇటలీనుంచి రానక్కరలేదు.

గుర్రపు గుడ్డు సంగతి మాత్రం వేరు. అది యూరప్‌లోనూ, తురుష్క దేశంలోనూ, అమెరికాలోనూ చెప్పుకునే కథ. జానపద కథల అంతర్జాతీయ పట్టికలో ఆర్నె, థాంప్సన్ దానికి 1319 సంఖ్య ఇచ్చారు. గాడిద గుడ్డని చెప్పి అమ్మిన గుమ్మడికాయ అన్నది అక్కడి శీర్షిక. కాయ పగలడం, కుందేలు పరుగెత్తడం ఆ పట్టికలోనూ ఉన్నాయి. కనుక ఇది బెస్కీతో ఓడెక్కి వచ్చి ఉండవచ్చునని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం. కాని ఆ పట్టికలో గాడిద అన్న మాట చూడగానే తెలుగువాడి చెవి నిక్కపొడుచుకోవాలి. అబద్ధానికీ శూన్యానికీ మనం గాడిద గుడ్డు అంటాం. గుర్రపు గుడ్డు అనం. ఇంగ్లీషులో దేవుణ్ణి పొగిడే మాటేదో చెడి ఇలా అయిందని చెప్పే చమత్కారాన్ని చమత్కారంగానే ఉంచుదాం. గాడిద గుడ్డు నానుడి ఈ కథనుంచి పుట్టిందని నేను నిరూపించడం లేదు. గుడ్డు పెట్టని జంతువుకు గుడ్డును అంటగట్టే ఆలోచన మన నాలుకకు కొత్త కాదని మాత్రం అంటున్నాను. కథ ఏ ఓడలో వచ్చినా, దిగిన చోట దానికి చుట్టాలు ముందే ఉన్నారు.

అనువాదమా అన్న ప్రశ్నకు నా జవాబు ఇంకొక దారిలో వస్తుంది. బెస్కీ శిష్యులకు పేర్లున్నాయి. మట్టి, మడైయన్, పేదై, మిలేచ్చన్, మూడన్. అన్నీ మూర్ఖుడికి పర్యాయపదాలే. నిఘంటుకారుడి సరదా అది. నాలుగో పేరు మ్లేచ్ఛుడు కావడం మరీ తమాషా. సముద్రం దాటి వచ్చినవాణ్ణి మ్లేచ్ఛుడనే దేశంలో కూర్చుని ఒక ఇటలీ పాదిరి ఆ పేరును మఠంలోని శిష్యుడికి పెట్టాడు! కాని పేర్లు అలా పెట్టడంతోనే తీర్పు ముందే చెప్పేసినట్టయింది. పాఠకుడు కథలోకి అడుగుపెట్టకముందే వీళ్ళు మూర్ఖులని తెలిసిపోతుంది. తెలుగులో నోటినుంచి నోటికి వచ్చిన కథల్లో సాధారణంగా శిష్యులకు పేర్లుండవు. పదిమందో పన్నెండుమందో, సంఖ్య కూడా చెప్పేవారిని బట్టి మారుతుంది. గురువు పరమార్థుడు కాదు, పరమానందయ్య. చివరి అయ్యతో ఆయన మన వీధివాడైపోయాడు. పేర్లు లేని శిష్యుల్లో ఎవరైనా దూరవచ్చు. అదటుకు పొదలోంచి ఏదో లేచినప్పుడు, వాళ్ళు ముందు భయపడి, తర్వాత సంబరపడి, తర్వాత ఏడిస్తే, వినేవాడు కూడా వాళ్ళతోపాటు నాలుగడుగులు పరుగెత్తి ఆగుతాడు. ఈ ఒక్క విషయంలో తెలుగు చెప్పుడును బెస్కీ రాత కంటే మేలైనదిగా నేను ఎంచుతాను. పొదిగే చర్చలోనూ, గుర్రాన్ని దారంగా నడిపిన కూర్పులోనూ బెస్కీదే పైచేయి. అనువాదంలో ఇలాంటి హెచ్చుతగ్గులు ఉండవు. ఇవి ఒకే కథకు రెండు కాపురాలు.

కుందేలును గురించి మూడు భాషల్లో ఒకే సామెత ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నది తెలుగులో ఎంత వాడుకో తమిళంలోనూ కన్నడంలోనూ అంతే. అది పట్టుకున్నవాడి మొండితనం గురించిన సామెత. మన కథ పట్టుకోలేనివాళ్ళది. పట్టుకున్నవాడు మూడు కాళ్ళంటాడు, పట్టుకోలేనివాడు గుర్రమంటాడు. రెండు చోట్లా కుందేలు మాత్రం నాలుగు కాళ్ళతో పొలానికి అడ్డంపడి పోతూనే ఉంది.

రాష్ట్రం వెలుపల తెలుగు చదువుకునేవారికి ఈ కథ విషయంలో ఒక సౌకర్యం ఉంది, అది హైదరాబాదు విద్యార్థికి లేదు. ఇంట్లో ఒక పాఠం, వీధిలో ఇంకొక భాషలో ఇంకొక పాఠం వినగలరు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళచేత ఈ కథ చెప్పించి, వారి మాటల్లోనే రాసుకురండి. కాయ బూడిద గుమ్మడా, తీపి గుమ్మడా, లేక కర్బూజానా? అమ్మినవాడు ఏ ఊరివాడు, ఏ భాషవాడు? గుడ్డు గుర్రానిదా, గాడిదదా? పొదిగే మాట వస్తుందా, వస్తే ఎవరు కూర్చుంటామన్నారు? పొదలోంచి లేచినది కుందేలేనా? అన్నిటికంటే ముఖ్యంగా, శిష్యులు ఉత్తచేతులతో వచ్చి నిలబడ్డప్పుడు గురువు ఏమన్నాడో అక్షరం పోకుండా రాసుకోండి. చాలామంది చెప్పేవాళ్ళు శిష్యుల ఏడుపు దగ్గర ఆగి నవ్వేస్తారు. అక్కడ లేవకండి, తర్వాత ఏమైందని అడగండి.